ముప్పై ఒక్క ఫిర్యాదులు

ఎర్రగుట్ట కొట్టాల,
కోయిలకుంట్ల దగ్గర.
ఏప్రిల్ 4

అల్లుడు వసంతకుమార్‌కు,

ముందు వందనాలు. తిట్లు తర్వాత.

ఇక్కడ అందరం బాగున్నాం, ఉపగ్రహం నుంచి నెట్ పట్టిస్తానని నువ్వు బిగించిపోయిన ఆ తెల్ల పళ్ళెం తప్ప. ఈ కాలంలో కూడా అత్త జాబు రాసిందేమిటా అని నవ్వుకోకు. మన ఊళ్ళో ఫోను పలకాలంటే నెట్ ఉండాలి, నెట్ ఉండాలంటే నీ పళ్ళెం పనిచెయ్యాలి. అది పొద్దున పదకొండుకు పడుకుంటుంది, సాయంత్రం అయిదు దాటాక లేస్తుంది, లేచాక ఊరంతా ఒకేసారి దాని మీద పడితే నాకు మాట అందదు. మార్చి మొదటి వారం నుంచి రోజూ ఇదే వరస.

ఫిబ్రవరిలో గుడి మిద్దె మీద నువ్వు దాన్ని పెట్టిన రోజు ఎంత సంబరపడ్డాం! మేలు జరిగిన రోజే కృతజ్ఞత కూడిక పెట్టి సాక్ష్యం చెప్పడం మన సంఘానికి అలవాటు కదా, అరగంట కూడా ఆగలేదు. సంఘ పెద్ద ప్రేమయ్య చెప్పాడు. మన సంఘం కాకపోయినా ఈరక్క వచ్చి చెప్పింది. నేనైతే పది నిమిషాలు మాట్లాడాను. "ఇంక మా కొట్టాలకు ఏ కొదవా లేదు" అన్నాను. నువ్వు ఎదురుగా నిలబడి ఫోన్లో వీడియో తీసుకున్నావు.

ఇప్పుడు కొదవ చెప్పుకుందామంటే మీ యాప్‌లోనే చెప్పుకోవాలట, అదీ నెట్ పోయి ఉన్నప్పుడే పెట్టాలట. నెట్ లేదని చెప్పడానికి నెట్ కావాలి, ఇది ఏ బుర్రకు తట్టిందో గాని! ప్రేమయ్య గుట్టెక్కితే అక్కడ రెండు గీతల సిగ్నల్ దొరుకుతుంది. అక్కడ నిలబడి ఫిర్యాదు పెట్టి దిగుతాడు. రెండు రోజుల తర్వాత మళ్ళీ ఎక్కి చూస్తే "మీ సమస్య పరిష్కరించబడింది, మీరు సంతృప్తి చెందారు" అని ఉంటుంది. ఎవర్రా సంతృప్తి చెందింది? ఇప్పటికి పన్నెండు సార్లు చెందామట.

కడపలో నువ్వు కూర్చునేది ఆ ఫిర్యాదుల దగ్గరే కదా. కాస్త చూడు నాయనా. కోడలు జెస్సీకి నా ముద్దులు.

మీ మేనత్త,
రాహేలమ్మ, రిటైర్డ్ టీచరు (మరిచిపోయావేమోనని రాశాను)


కడప,
ఏప్రిల్ 11

గౌరవనీయులైన అత్తకు వందనములు.

నీ జాబు అందింది. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము.

పళ్ళెం ఆగినప్పుడు ప్లగ్గు తీసి అయిదు నిమిషాలు ఆగి మళ్ళీ పెట్టండి. చెట్టు నీడ గాని, కొత్తగా కట్టిన గోడ గాని అడ్డం ఉందేమో చూడండి. మీ వైపు కరెంటు ఓల్టేజి తక్కువగా ఉంటుంది, చాలావరకు సమస్య అదే. ఫిర్యాదు సంగతికి వస్తే, మేము పంపిన సందేశానికి వినియోగదారుడు ఒక్క రోజులో జవాబు ఇవ్వకపోతే అది దానంతట అదే మూసుకుపోతుంది. అది సిస్టం పద్ధతి, మనుషుల చేతిలో లేదు.

జెస్సీకి ఏడో నెల నడుస్తోంది. డాక్టరమ్మ బాగానే ఉందన్నది. జూన్‌లో నా ఉద్యోగం పర్మినెంటు చేస్తామని చెప్పారు. ప్రార్థనలో గుర్తుపెట్టుకోండి.

మీ అల్లుడు,
వసంతకుమార్


ఎర్రగుట్ట కొట్టాల,
ఏప్రిల్ 27

వసంతా,

"చింతిస్తున్నాము" అన్నావు. నీతోపాటు ఇంకెవరు చింతిస్తున్నారు నాయనా, కుర్చీనా బల్లా? నన్ను "మీరు" అని ఎప్పటి నుంచి అంటున్నావు? సరే, నవ్వులాట ఇక్కడితో చాలు.

పందొమ్మిదో తేదీ మిట్టమధ్యాహ్నం ఈరక్క కోడలు శ్రావణికి నొప్పులు వచ్చాయి. నెల తక్కువ కాన్పు. అంబులెన్సుకు చేద్దామంటే నెట్ పడుకుని ఉంది. నువ్వు చెప్పినట్టే ప్లగ్గు తీశాం, పెట్టాం, మళ్ళీ తీశాం. ఆ ఎండలో ప్రేమయ్య గుట్ట మీదికి పరిగెత్తాడు. అంబులెన్సుకు చెప్పి, ఆ కోపంలో అక్కడే నిలబడి మీ కంపెనీకి ఫిర్యాదు కూడా పెట్టి దిగాడు. అంతలో ఇక్కడ ఆగలేక ఆటోలో ఎక్కించాం. కోయిలకుంట్ల ఇంకా నాలుగు మైళ్ళుందనగా రోడ్డు మీదే పుట్టింది. ఆడపిల్ల. తల్లీబిడ్డా బతికారు, దేవునికి స్తోత్రం.

ఈరక్క తిరిగొచ్చి నా ముందు నిలబడింది. "ఏం టీచరమ్మా, కొదవ లేదని నువ్వే గదా చెప్పింది? నీ మాట నమ్మి మేము గుట్టెక్కే దోవ గూడా మర్సిపోతిమి" అంది. ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పిన దాన్ని, నాకే పాఠం చెప్పి పోయింది వసంతా.

మరుసటి రోజు నిచ్చెన వేయించుకుని నేనే మిద్దె ఎక్కాను, అరవై ఏడేళ్ళ దాన్ని, ఈ మోకాళ్ళతో. చెట్టు నీడ ఉందేమో చూడమన్నావుగా, చూశాను. నీడ అనేదే లేదక్కడ. పరిచిన నాపరాళ్ళు పెనంలా కాలుతున్నాయి. పళ్ళెం ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. నాకు అనుమానం వచ్చి రెండు గోనెపట్టలు తడిపి దాని కిందా చుట్టూ కప్పించాను. ఇరవై నిమిషాల్లో నెట్ వచ్చింది! పట్టలు ఆరాయి, నెట్ పోయింది. మూడు రోజులు ఇట్లాగే చేసి చూశాను, మూడు రోజులూ అంతే. మే నెల ఎండలో గంటకు నాలుగు బిందెల నీళ్ళు మిద్దెకు మొయ్యాలంటే, తాగడానికి ఏం మిగులుతాయి?

ఇంకో సంగతి, అసలు సంగతి. సిగ్నల్ లేని ఊళ్ళకు సర్కారు టవర్లు వేస్తుందని జాబితా వచ్చింది. గ్రామ సచివాలయంలో అడిగి చూస్తే మన ఊరి పేరు మీద గీత కొట్టి ఉంది. పక్కన "ఉపగ్రహ ఇంటర్నెట్ ఉంది, ఫిర్యాదులు లేవు" అని రాశారు. ఎవరు చెప్పారంటే మీ కంపెనీ. ఆధారం ఏమిటంటే నా వీడియో. నా మొహం, నా మాటలు, నువ్వు తీసింది.

అభ్యంతరాలు ఉంటే మే 20న జిల్లా కేంద్రంలో ఆఫీసరు ముందు చెప్పుకోవాలి. ఆ రోజు దాటితే ఈ జన్మకు మన కొట్టాలకు టవరు రాదు.

రెండే అడుగుతున్నాను. ఒకటి, మా ఫిర్యాదులు ఎన్ని, ఎవరు ఎట్లా మూశారో కాగితం మీద కావాలి. రెండు, ఇది ఎండకు ఆగని సామానని నీకు ముందే తెలుసా?

అత్త


కడప,
మే 2

అత్తా,

శ్రావణి సంగతి తెలిసి బాధ కలిగింది. బిడ్డ క్షేమంగా ఉన్నందుకు సంతోషం.

వేడి విషయమై కంపెనీ నుంచి నాకు అధికారికంగా ఎటువంటి సమాచారమూ రాలేదు. వీడియో పై ఆఫీసుకు పంపిన మాట నిజమే, కొత్త కనెక్షన్ ఇచ్చిన ప్రతి చోటా తీసి పంపాలి. దాన్ని ఇందుకు వాడతారని అనుకోలేదు. కాగితాలు బయటికి ఇవ్వడానికి నాకు అధికారం లేదు.

జూన్ దాకా ఓపిక పట్టు. నా ఉద్యోగం ఖాయమయ్యాక నేనే పైవాళ్ళతో మాట్లాడతాను.

వసంతకుమార్


ఎర్రగుట్ట కొట్టాల,
మే 6

వసంతకుమార్‌కు,

"అధికారికంగా" అన్న మాట ఎందుకు రాశావు? తెలియనివాడు తెలియదంటాడు. మధ్యలో ఆ మాటకేం పని? పైగా నీ జాబంతా అక్షరాలు గుండ్రంగా, అచ్చు వేసినట్టు ఉన్నాయి. అబద్ధం రాసేటప్పుడే నీ చేతిరాత బాగుంటుంది. మూడో తరగతి నుంచి చూస్తున్నాను, ఎవరికి చెబుతావురా?

నేను జూన్ దాకా ఆగను. ఎండ ఆగుతుందా? నొప్పులు ఆగుతాయా? ఊళ్ళో ఇంకో ఇద్దరు కడుపుతో ఉన్నారు.

మొన్న ఆదివారం ఆరాధన ముగిశాక లేచి నిలబడ్డాను. "ఫిబ్రవరిలో నేను చెప్పిన సాక్ష్యం వెనక్కి తీసుకుంటున్నాను" అన్నాను. పాస్టరుగారు దగ్గి, "అమ్మా, చెప్పిన సాక్ష్యం వెనక్కి తీసుకునే పద్ధతి సంఘంలో లేదు" అన్నారు. ప్రేమయ్య లేచాడు. "దేవునికి చెప్పింది యాడికీ పోదు పాస్టరయ్యా, అది అట్లే ఉండాది. కంపెనీకి ఏసిన మార్కులు కొట్టేస్తాండాం, అంతే" అన్నాడు. పాస్టరుగారికి నవ్వు ఆగలేదు. ఒకరి తర్వాత ఒకరు ఇరవైమంది లేచి ఏ తేదీన ఏ పని చెడిందో చెప్పారు. నేనే రాసుకున్నాను, కింద అందరూ సంతకాలు చేశారు.

మే 20న మేం పోతున్నాం. నువ్వు కాగితం ఇచ్చినా పోతాం, ఇవ్వకపోయినా పోతాం. నీ ఉద్యోగం నాకు ముద్దే. కానీ మా ఊరి ఆడవాళ్ళ ప్రాణాల మీద నిలబెట్టే ఉద్యోగం ఎట్లాంటిదో కూర్చుని ఆలోచించుకో. కోపమొస్తే నా రాత గూడా మన ఊరి మాటలోకి దిగుతాదని నీకు తెల్సు. ఇంక రాయను.

రాహేలమ్మ


కడప,
మే 13

అత్తా,

ఈ జాబులో అక్షరాలు వంకరటింకరగానే ఉంటాయి, చూసుకో.

నాకు తెలుసు. జనవరిలోనే తెలుసు. ఎండ ఒక హద్దు దాటితే పళ్ళెం కాలిపోకుండా తనంతట తానే ఆగిపోతుందని, మన జిల్లాల్లో వేసవి అంతా ఇట్లాగే ఉంటుందని మాకు చెప్పారు. ఎవరైనా ఫిర్యాదు చేస్తే "వినియోగదారుడి కరెంటు లోపం" అని రాసి మూసెయ్యమన్నారు. కాగితం మీద ఇవ్వలేదు, నోటితో చెప్పారు. అందుకే "అధికారికంగా" అన్నాను. అది తెలిసీ ఫిబ్రవరిలో వచ్చి మీ మిద్దె మీద పెట్టాను. నెలకు ఇన్ని కనెక్షన్లు ఇవ్వాలని లెక్క ఉంటుంది. చల్లగా ఉంది కదా, రెండు నెలలు గడుస్తాయిలే అనుకున్నాను.

సిస్టం మూస్తుందని రాశాను. అదీ అబద్ధమే. కొన్ని అట్లా మూసుకుంటాయి గాని, మీ ఊరివి ముప్పై ఒకటి వస్తే అందులో ఇరవై ఆరు నేనే మూశాను. పందొమ్మిదో తేదీన ప్రేమయ్య గుట్ట మీద నుంచి పెట్టిందీ నా దగ్గరికే వచ్చింది. "కాన్పు మనిషి ఉంది, నెట్ లేదు" అని రాశాడు. పన్నెండు నలభైకి దాన్ని మూసి భోజనానికి లేచాను. చదవలేదు అత్తా. పైన ఊరి పేరు చూసి, మళ్ళీ వీళ్ళేనా అనుకుని నొక్కేశాను. నీ జాబు చదివాక వెనక్కి పోయి చూస్తే తెలిసింది. మూడు రోజులుగా అన్నం సయించడం లేదు.

ముప్పై ఒక్కటీ అచ్చు తీసి ఇందులో పెట్టాను. తేదీ, వేళ, మీరు రాసిన మాట, మేం రాసిన కారణం అన్నీ ఉన్నాయి. చివరి వరసలో మూసినవాడి పేరు ఉంటుంది. దాని మీద నల్ల సిరా పూశాను. క్షమించు. జెస్సీకి ఎనిమిదో నెల. ఆమెకు ఇంకా ఏమీ చెప్పలేదు.

నా పేరు మాత్రం రానివ్వకు.

వసంత


ఎర్రగుట్ట కొట్టాల,
మే 21

వసంతా,

నిన్న ట్రాక్టరులో ఇరవై ముగ్గురం పోయాం. ఎండకు తలల మీద తడి తువ్వాళ్ళు కప్పుకున్నాం. శ్రావణి నెల బిడ్డను ఎత్తుకుని వస్తానంటే ఈరక్క తిట్టి ఆపింది.

మీ కంపెనీ తరఫున ఇస్త్రీ చొక్కా మనిషి ఒకడు వచ్చాడు. గోడ మీద పెద్ద తెర వేసి నా వీడియో చూపించాడు. "ఇంక మా కొట్టాలకు ఏ కొదవా లేదు" అని తెర మీద నేనే చెబుతున్నాను, చేతులెత్తి, మొహం వెలిగిపోతూ. ఆఫీసరు నా వైపు చూశాడు. నేను లేచి, "ఆ మాటలు నావే సార్. పెట్టిన అరగంటకే మెచ్చుకున్నాను, ఆ తప్పు నాది. ఆ తర్వాత మూడు నెలల తప్పు వీళ్ళది, అది కూడా తెర మీద వెయ్యమనండి" అన్నాను. మనవాళ్ళు చప్పట్లు కొడితే ఆఫీసరు బల్ల చరిచాడు.

అప్పుడు నీ కాగితం ఇచ్చాను. ఆయన శ్రద్ధగానే చదివాడు. పన్నెండు నలభై దగ్గర వేలు పెట్టి ఆగాడు కూడా. ఇస్త్రీ చొక్కా మనిషి మాత్రం తొణకలేదు. "పేరు కొట్టేసిన కాగితం సార్ ఇది. ఇట్లాంటివి ఎవరైనా ఇంట్లో కూర్చుని అచ్చు వేసుకోవచ్చు" అన్నాడు. ఆఫీసరు నన్ను అడిగాడు, "ఇది ఎవరిచ్చారమ్మా?"

"చెప్పను సార్."

"చెప్పకపోతే ఇది చెల్లదు."

"చెల్లకపోతే పాయె. చెప్పను."

ప్రేమయ్యకు తెలుసు, ఈరక్కకు తెలుసు. ట్రాక్టరులో వచ్చిన అందరికీ తెలుసు, నేనే చదివి వినిపించాను, పన్నెండు నలభైతో సహా. నీ రక్తసంబంధం కాబట్టి నేను నోరు మూసుకున్నానంటే అర్థం ఉంది. వాళ్ళకేం పట్టింది? ఒక్కరూ నోరు మెదపలేదు. తిరిగొచ్చేటప్పుడు ఈరక్క నా పక్కన కూర్చుని, "పేరు చెప్పకుండా మంచి పనే చేసినావు టీచరమ్మా. బిడ్డ పుట్టబోయే ఇల్లు గదా అది" అంది. నాకు ఏడుపొచ్చింది వసంతా. తువ్వాలు మొహం మీదికి లాక్కున్నాను.

కాగితం ఎవరిదో రుజువైతే చూస్తానని ఆఫీసరు 28 దాకా గడువు ఇచ్చాడు. ఇది నిన్ను రమ్మని రాస్తున్న జాబు కాదు. రాకపోయినా మేం చచ్చిపోము. ఈ పొద్దున పదిమంది గడ్డపారలు తీసుకుని గుట్టకు మెట్లు కొట్టడం మొదలుపెట్టారు, కడుపుతో ఉన్నవాళ్ళ ఇంటికి వంతులవారీగా ఇద్దరు కాపలా. టవరు ఇవ్వకపోతే ఇవ్వకపోనీ, గుట్ట మాదే.

నీ మీద కోపం శానా ఉండాది. అది పోదు ఇప్పట్లో. కానీ నిన్ను పట్టివ్వను.

అత్త


కడప,
మే 28

అత్తా,

నీ జాబు ఇరవై అయిదున అందింది. రెండుసార్లు చదివి జెస్సీ చేతికిచ్చాను. అన్ని జాబులూ ఇచ్చాను, నేను రాసినవి కూడా చెప్పాను. ఆమె అన్నీ చదివింది. తర్వాత అడిగింది, "ఆ ఈరక్క నిన్ను ఎప్పుడన్నా చూసిండాదా?" ఒక్కసారే చూసిందన్నాను, పళ్ళెం పెట్టిన రోజు. "ఒక్కసారి చూసినామె మన కోసరం నోరు మూసుకునింది. నువ్వేమో నీ పేరు దాసుకుంటాండావు. రేపు నేనూ నొప్పులు పడేదాన్నే గదా, నా ఫోను ఎవడన్నా ఇట్లనే మూసేస్తే? పో. చెప్పేసి రా" అంది.

నిన్న సెలవు పెట్టకుండానే పోయాను. ఆఫీసరు గదిలో ఇస్త్రీ చొక్కా మనిషి కూడా ఉన్నాడు, వేరే ఊరి పని మీద వచ్చాడట. నన్ను చూసి లేచి, "నువ్వు ఈడ ఏం చేస్తాండావప్పా?" అన్నాడు. నేను ఆఫీసరుగారి కంప్యూటర్లోనే నా లాగిన్ తెరిచి మీ ఊరి ఫిర్యాదులు చూపించాను. నీ కాగితం పక్కన పెట్టి ఒక్కొక్కటీ పోల్చుకున్నారు. నల్ల సిరా పూసిన చోట, దాని పక్కనే, నీలం పెన్నుతో నా పేరు ఇరవై ఆరు సార్లు రాశాను. ఎండ సంగతీ చెప్పాను, ఎవరు మూసెయ్యమన్నారో చెప్పాను.

"ఉద్యోగం పోతుంది, తెలుసా?" అని ఆఫీసరు అడిగారు.

"తెలుసు సార్. ఇవి మూసింది నేనే. తెరవాల్సింది గూడా నేనే గదా."

సాయంత్రానికి నా లాగిన్ పనిచెయ్యలేదు. ఈ పొద్దున ఉద్యోగం తీసేసినట్టు ఇంటికి కాగితం వచ్చింది.

ఎవరి మీదా కోపం లేదు. భయం ఉంది, కానీ నిన్న మధ్యాహ్నం కడుపు నిండా అన్నం తిన్నాను. ఒక్కటే తెలియడం లేదు. ఈరక్క ముందు ఎట్లా నిలబడాలి?

పి. వసంతకుమార్


ఎర్రగుట్ట కొట్టాల,
జూన్ 9

మా వసంతకు, జెస్సీకి,

మన ఊరి పేరు జాబితాలో ఎక్కింది. సచివాలయం గోడకు అంటించారు, నేనే పోయి వేలు పెట్టి చదివి వచ్చాను.

నీ జాబు ఆదివారం గుడిలో చదివాను. పాస్టరుగారు వద్దనలేదు. ప్రేమయ్య కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఈరక్కను అడిగాను, వాడు నీ ముందుకు రావడానికి భయపడుతున్నాడు, ఏం చెప్పమంటావు అని. "రానీ. తిట్టేది శానా ఉండాది. కడుపు నిండా తిట్టినంక అన్నం పెడతా. ముందు నా మనవరాలిని ఎత్తుకోమను, అది ఉచ్చ పోస్తే ఓర్చుకోమను" అంది. ఆమె లెక్క ఆమెకుంది, మధ్యలో నేను రాను.

జెస్సీ, కాన్పుకు ఇక్కడికి వస్తానని రాశావు, వద్దు తల్లీ. టవరు లేచేదాకా కడపలోనే ఉండు. వాడిని మాత్రం పంపు.

ఎందుకంటే పని ఉంది. నిన్న సర్వేవాళ్ళు వచ్చి గుట్ట మీద రాయి పాతి, సున్నం కొట్టి పోయారు. పని ఎప్పుడు మొదలుపెడతారంటే "వస్తాంలేమ్మా" అన్నారు. తేదీ లేదు, కాగితం లేదు. నేను ఊరుకుంటానా? ఈ రోజే ఫిర్యాదు రాద్దామని కూర్చున్నాను, రెండు వాక్యాలు రాసి ఆపేశాను. ఫిర్యాదులు ఎట్లా మూస్తారో నీకు బాగా తెల్సు గదా వసంతా. ఎవడూ మూయలేనట్టు ఎట్లా రాయాల్నో వచ్చి చెప్పు. కాగితం బల్ల మీదనే పెట్టినా.

మీ అత్త